రాసివ్వడం వేరు... రాసిపెట్టడం వేరు!

“ఇల్లు అబ్బాయి పేర రాసిచ్చేశాం. ఇక మాకే దిగులూ లేదు” అనే తల్లిదండ్రులు ప్రతి వీధిలోనూ కనిపిస్తారు. పిల్లల మీద ప్రేమ, ‘ఎప్పటికైనా వాళ్లదే కదా’ అన్న ధీమా, తమ తర్వాత అన్నదమ్ములు కొట్టుకోకూడదన్న ముందుచూపు... అన్నీ ఉంటాయి ఆ మాటలో. లేనిదల్లా ఒక్కటే. తాము ఇంకా బతకాల్సిన పదేళ్లో ఇరవయ్యేళ్లో ఎవరి ఇంట్లో, ఏ హక్కుతో ఉంటామన్న ఆలోచన!

ఆ ఆలోచన ఎంత అవసరమో ఈ కొన్నేళ్లలో సుప్రీంకోర్టు ఇచ్చిన రెండు తీర్పులు చదివితే తెలుస్తుంది. రెండు కేసుల్లోనూ ఫిర్యాదు చేసింది తల్లే. రెండూ నడిచింది ఒకే చట్టం, ఒకే సెక్షను కింద. ఒక తల్లి గెలిచింది. మరో తల్లి ఓడిపోయింది. తేడా ఎక్కడ వచ్చిందంటే... కాగితంలో!

ఒకరు గెలిచారు... ఒకరు ఓడారు

మధ్యప్రదేశ్‌లోని ఛతర్‌పూర్‌లో ఒక తల్లి, 1968లో కొన్న ఆస్తిని 2019 సెప్టెంబరులో కొడుకు పేర దానపత్రం రాసి రిజిస్టరు చేయించింది. ‘నిన్ను చివరిదాకా చూసుకుంటాను, చూడకపోతే ఆస్తి వెనక్కి తీసుకోవచ్చు’ అని కొడుకు వేరే కాగితం మీద హామీ రాసిచ్చాడు. ఏడాది తిరిగేసరికి వ్యవహారం మారిపోయింది. తనను సరిగా చూడడం లేదని, ఇంకా ఆస్తి కావాలంటూ దాడి చేశారని ఆమె 2020 డిసెంబరులో అధికారులను ఆశ్రయించింది. కింది అధికారి, కలెక్టరు, హైకోర్టులో ఒక న్యాయమూర్తి... ముగ్గురూ ఆమెవైపే తీర్పిచ్చారు. కానీ 2022లో హైకోర్టు డివిజన్ బెంచి అదంతా కొట్టేసింది. చూడకపోతే వెనక్కి తీసుకుంటానన్న షరతు దానపత్రంలో లేదు కదా అంది! చివరికి 2025 జనవరి 2న సుప్రీంకోర్టు ఆ తల్లికి న్యాయం చేసింది. కొడుకు తల్లిని పోషిస్తున్నాడని దానపత్రంలో ఉన్న మాటనూ, విడిగా రాసిన హామీనీ కలిపి చదవాలంది. వృద్ధుల మేలు కోసం తెచ్చిన చట్టాన్ని ఉదారంగా అర్థం చేసుకోవాలంది. దానపత్రం రద్దు చేసి, ఫిబ్రవరి 28 లోగా ఆస్తి ఆమెకు అప్పగించాలని ఆదేశించింది.

ఇక రెండోది. 2022 డిసెంబరులో ఇదే సుప్రీంకోర్టు ఇంకో తల్లి కేసు విన్నది. ఆమె తన హక్కు వదులుకుంటూ విడుదల పత్రం రాసిచ్చింది. తర్వాత రద్దు చేయమని అడిగింది. కోర్టు ఒప్పుకోలేదు. ‘నన్ను చూసుకోవాలి’ అన్న షరతు మీద రాసిచ్చినట్లు ఆమె తన దరఖాస్తులో చెప్పనే లేదు, రుజువూ లేదు. తల్లిదండ్రులు పిల్లలకు ఆస్తి ఇచ్చేటప్పుడు ప్రతిసారీ షరతు ఉంటుందని అనుకోవడానికి వీల్లేదు, చాలామంది ప్రేమకొద్దీ ఏమీ ఆశించకుండానే ఇస్తారు అంది కోర్టు.

ఆ మాటా నిజమే కదా! ప్రేమకొద్దీ ఇచ్చే తల్లి షరతు పెడుతుందా? ‘నాకు అన్నం పెడితేనే ఇల్లు నీది’ అని కడుపున పుట్టినవాడితో ఏ నోటితో అంటుంది? అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఇప్పుడు అమ్మే అడగాల్సి వస్తోంది. అడగడమే కాదు, కాగితం మీద రాయించుకోవాల్సి వస్తోంది.

చట్టం ఏమంటోంది?

ఇది 2007లో వచ్చిన తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం. ఏ మతం వారికైనా వర్తిస్తుంది. అరవై ఏళ్లు నిండినవారు వయోవృద్ధులు. తల్లిదండ్రులకైతే వయసుతో పని లేదు. కొడుకులే కాదు, కూతుళ్లు, ఎదిగిన మనవలు, మనవరాళ్లు కూడా బాధ్యులే. పిల్లలు లేనివారిని, వారి ఆస్తికి వారసులయ్యే బంధువులు చూడాలి.

ఇందులో 23వ సెక్షనే మనకు ముఖ్యం. కనీస అవసరాలు చూడాలన్న షరతుతో ఆస్తి రాసిచ్చాక, తీసుకున్నవారు చూడకపోతే, ఆ బదిలీని మోసంతోనో బలవంతంతోనో జరిగినట్లే లెక్కగట్టి రద్దు చేయవచ్చు. చట్టం అమల్లోకి వచ్చిన తర్వాత జరిగిన బదిలీలకే ఇది వర్తిస్తుంది. ఈ సెక్షను లేకపోతే దానపత్రాన్ని వెనక్కి తీసుకోవడం ఎంత కష్టమో తెలుసా? మనసు మారిందని తల్లి ఒక్కతే రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లి రద్దు చేసుకుంటానంటే కుదరదు. సివిలు కోర్టులో ఏళ్ల తరబడి తిరగాలి. డెబ్భై అయిదేళ్ల మనిషికి అన్నేళ్లు ఎక్కడివి?

మన దగ్గర దఖలు దస్తావేజులు ఎలా ఉంటాయో ఒకసారి చదివి చూడండి. ‘నీ యందు గల ప్రేమాభిమానముల చేత’ అని మొదలవుతాయి. ‘నేటి నుండి సర్వహక్కులతో పుత్రపౌత్ర పారంపర్యముగా అనుభవించవలెను’ అని ముగుస్తాయి. మధ్యలో సరిహద్దులు, చదరపు గజాలు, ఇంటి నంబరు, కరెంటు మీటరు నంబరు కూడా ఉంటాయి. రాసిచ్చిన మనిషి ఎక్కడ పడుకోవాలి, ఆమె మందులు ఎవరు కొనాలి అన్న ఒక్క వాక్యం ఉండదు. దస్తావేజు లేఖరి పాతదాన్ని చూసి కొత్తది రాసేస్తాడు. సంతకం పెట్టే ఆవిడ చదవదు. ‘వాడే చదివాడుగా’ అంటుంది.

మరి రాసివ్వనే కూడదా?

కూడదని అనను. కొన్ని ఇళ్లలో అవసరం ఉంటుంది. కొడుకు ఆ స్థలంలో పైఅంతస్తు వేసుకోవడానికి బ్యాంకు అప్పు కావాలి, లేదా చెరో పోర్షను ఇప్పుడే పంచేస్తే మనస్పర్థలు ఉండవు. అలాంటప్పుడు రెండు మాటలు దస్తావేజులోనే ఉండాలి. ఒకటి, బతికున్నంతకాలం ఆ ఇంట్లో ఉండే హక్కు, అద్దె వస్తే ఆ అద్దె తీసుకునే హక్కు రాసిచ్చేవారిదే అని. దీన్నే జీవితకాల అనుభవ హక్కు అంటారు. రెండు, తిండి, బట్ట, వైద్యం తీసుకునేవారు చూడాలని, చూడకపోతే దస్తావేజు రద్దవుతుందని. వేరే కాగితం మీద రాసుకుంటాంలే అనుకోకండి. ఛతర్‌పూర్ తల్లి ఆ వేరే కాగితం కోసమే సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది.

అంత తొందర లేనివాళ్లకు మాత్రం వీలునామాకు మించింది లేదంటాను. రాసివ్వడానికీ రాసిపెట్టడానికీ ఉన్న తేడా అదే. రాసిచ్చిన క్షణంలో ఇల్లు మీది కాకుండా పోతుంది. రాసిపెడితే మీరు కళ్లు మూసేదాకా ఇల్లు మీదే. నచ్చకపోతే రేపు చించేసి కొత్తది రాసుకోవచ్చు. రిజిస్టరైన వీలునామాను కూడా మార్చుకోవచ్చు. చివరిగా రాసిందే చెల్లుతుంది.

పైగా ఖర్చూ తక్కువే. వీలునామాకు స్టాంపు కాగితం అక్కర్లేదు. తెల్లకాగితం మీద చేత్తో రాసినా చెల్లుతుంది. రాసినవారు సంతకమో వేలిముద్రో వెయ్యాలి. కనీసం ఇద్దరు సాక్షులు సంతకం చెయ్యాలి. ఆస్తి పొందేవారిని సాక్షులుగా పెట్టకపోవడం మంచిది, రేపు అనుమానాలకు తావుండదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయిస్తే మేలు. మంచం పట్టిన వారి కోసం తగిన కారణం చూపి దరఖాస్తు చేస్తే సబ్ రిజిస్ట్రారే ఇంటికి వచ్చే వీలు చట్టంలో ఉంది. బాగా పెద్దవయసు వారైతే, స్పృహతో తెలివిగా ఉన్నారని డాక్టరు దగ్గర ఒక సర్టిఫికెట్ తీసుకోండి. ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ ఇస్తుంటే ఎందుకో ఒక ముక్క రాయండి. కోర్టుల్లో దెబ్బతినే వీలునామాలు చాలావరకు ఈ అనుమానాల దగ్గరే దెబ్బతింటాయి.

అన్ని మతాలవారికీ ఒకే పద్ధతి కాదు. ముస్లింలు, అప్పులు, అంత్యక్రియల ఖర్చు పోగా మిగిలిన ఆస్తిలో మూడోవంతుకు మించి వీలునామా రాస్తే వారసుల అంగీకారం కావాలి. క్రైస్తవులు భారత వారసత్వ చట్టం కిందికి వస్తారు. వీలునామా లేకుండా భర్త పోతే, పిల్లలున్న భార్యకు మూడోవంతు వస్తుంది.

ఆయన పోయాక ఆవిడ...

మన దేశంలో 2011 జనాభా లెక్కల నాటికే అరవై దాటినవారు పది కోట్లకు పైన ఉన్నారు. వారిలో మగవారి కన్నా ఆడవారే ఎక్కువ. మన ఇళ్లలో భర్త వయసులో నాలుగేళ్లో ఎనిమిదేళ్లో పెద్ద. అంటే చాలా ఇళ్లలో చివరికి మిగిలేది ఆవిడే. కానీ ఇల్లు ఎవరి పేర ఉంటుంది? ఆయన పేర!

ఆయన వీలునామా రాయకుండా పోయారనుకోండి. హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన స్వార్జితంలో భార్యకు, ప్రతి కొడుక్కి, ప్రతి కూతురికి సమానవాటా. ఆయన తల్లి బతికుంటే ఆమెకూ ఒక వాటా. ముగ్గురు పిల్లలున్న ఇంట్లో, నలభై ఏళ్లు కాపురం చేసిన ఇంటికి ఆవిడ నాలుగోవంతు యజమానురాలు మాత్రమే. పిల్లల్లో ఒకరు ‘నా వాటా నాకిచ్చెయ్యండి’ అంటే ఇల్లు అమ్మకానికి పెట్టాల్సి రావచ్చు. ఇది పిల్లలు చెడ్డవాళ్లయితేనే జరగదు. అల్లుడి వ్యాపారం దెబ్బతినొచ్చు, మనవడి చదువుకు డబ్బు కావాల్సి రావచ్చు. అప్పుడు అవసరం ఎవరిదైనా కదలాల్సింది మాత్రం ఆవిడ.

ఇంకోటి కూడా చూస్తుంటాం. పెద్దకర్మ అయిన నాలుగు రోజులకే ‘నువ్వు సంతకం పెట్టెయ్యమ్మా, కాగితాలన్నీ ఒకరి పేర ఉంటే తేలిక’ అంటారు. ఆ దుఃఖంలో ఆవిడ ఎక్కడ పెట్టమంటే అక్కడ పెడుతుంది. అది హక్కు విడుదల పత్రం. దాంతో ఆ నాలుగోవంతూ పోతుంది! ఇలాంటి సంతకాలు ఏడాదిపాటు పెట్టనని చెప్పడం తప్పు కాదు. పాసుపుస్తకం, బ్యాంకు పనులు ఎదురుచూడగలిగినన్నాళ్లు ఎదురుచూస్తాయి.

అందుకే భర్తలు బతికుండగానే వీలునామాలో ‘నా తర్వాత ఇల్లు నా భార్యది, ఆమె తర్వాత పిల్లలది’ అని రాయించండి. ఇక్కడా ఒక మెలిక ఉంది. ‘భార్య జీవితాంతం అనుభవించవచ్చు, అమ్మే హక్కు లేదు’ అని రాస్తే, రేపు ఆమెకు ఆపరేషన్ అవసరమైతే ఆ ఇంటిమీద రూపాయి పుట్టదు. పూర్తి హక్కు ఇస్తున్నారా, అనుభవ హక్కు మాత్రమేనా... ఆ వాక్యాన్ని వకీలుతో ఒకటికి రెండుసార్లు చదివించుకోండి.

‘నామినీ నేనే కదా!’

ఇది మనలో చాలామందికి ఉన్న భ్రమ. బ్యాంకులో, షేర్లలో మన పేరు నామినీగా ఉంటే డబ్బు మనదే అనుకుంటాం. నామినీ అంటే డబ్బు చేతికి తీసుకునే మనిషి. పంచాల్సింది వారసులకే. బీమా విషయంలో 1983లో, షేర్ల విషయంలో 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. బీమాకు మాత్రం 2015లో చట్టం మారింది. తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు నామినీలైతే ఆ సొమ్ము వారిదే. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు డిపాజిట్లకు నలుగురిదాకా నామినీలను పెట్టుకునే వీలొచ్చింది. మంచిదే. అయినా నామినేషన్ వీలునామా కాదు. రెండిట్లోనూ ఒకే పేర్లుంటే గొడవ ఉండదు.

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో పిల్లలున్న తెలుగు తల్లిదండ్రులు చాలామంది, ఇక్కడున్న ఎవరో ఒకరికి జనరల్ పవర్ రాసిచ్చి నిశ్చింతగా ఉంటారు. ఆ పవర్, రాసిచ్చినవారు బతికున్నంతకాలమే పనిచేస్తుంది. వారికి మతి స్థిమితం తప్పినా దానికి బలం ఉండదు. మతిమరుపు జబ్బు ముదిరాక తల్లి పేర ఉన్న డిపాజిట్ తీసి ఆమె వైద్యానికే వాడాలన్నా, సంరక్షకులుగా నియమించమని కోర్టుకెళ్లాల్సి వస్తుంది. జాయింట్ అకౌంటు, ‘ఇద్దరిలో ఎవరైనా తీసుకోవచ్చు’ అన్న ఏర్పాటు ముందే చేసుకుంటే ఈ అవస్థ చాలావరకు తప్పుతుంది.

కూతుళ్లం... కోడళ్లం

ఇక మన సంగతి. మనం ఒక ఇంటి కూతుళ్లం, ఇంకో ఇంటి కోడళ్లం. చట్టం రెండువైపులా మనల్ని చూస్తుంది.

కూతురికి పిత్రార్జితంలో హక్కు మన రాష్ట్రంలో 1985లోనే వచ్చింది, అప్పటికి పెళ్లికాని వారికి. 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతటా, పెళ్లయినవారికి కూడా. ఆ తేదీకి తండ్రి బతికుండాలన్న నియమం లేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చేసింది. అయితే హక్కుతోపాటు బాధ్యతా ఉంది. పెళ్లయిన కూతురు కూడా తల్లిదండ్రుల పోషణకు బాధ్యురాలేనని ఇదే కోర్టు 1987లోనే చెప్పింది. ‘పసుపు కుంకుమ కింద ఎకరం ఇచ్చాం, ఇంకేం వాటా’ అని అన్నలు అనడం ఎంత తప్పో, ‘వాటా కావాలి, అమ్మను మాత్రం అన్నయ్యే చూడాలి’ అని మనం అనడమూ అంతే తప్పు.

కోడలి మాటకొస్తే, 2007 చట్టంలో పోషణ బాధ్యత కోడలి మీదా, అల్లుడి మీదా లేదు. వారినీ చేర్చాలని 2019లో బిల్లు పెట్టారు గానీ అది చట్టం కాలేదు. ఇంకో భయం కూడా ఉంటుంది. అత్తమామల చేత ఈ చట్టం కింద ఫిర్యాదు చేయించి, భర్తే భార్యను ఇంట్లోంచి పంపించేస్తే? బెంగళూరు నుంచి వెళ్లిన అలాంటి కేసులో 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు, గృహహింస చట్టం కోడలికి ఇచ్చిన నివాస హక్కును వృద్ధుల చట్టం పేరుతో తుడిచెయ్యడానికి వీల్లేదంది. రెండు చట్టాలూ ఆడవాళ్లకు అండగా నిలవాల్సినవే. ఒకదాన్ని ఇంకోదానిమీద కత్తిలా వాడకూడదన్నమాట.

మన పేర ఉన్నదాని మాటేమిటి? పెళ్లయిన హిందూ స్త్రీ వీలునామా రాయకుండా పోతే ఆస్తి మొదట భర్తకు, పిల్లలకు వెళ్తుంది. వాళ్లెవరూ లేకపోతే భర్త తరఫు వారసులకు! ఆమెను కన్న తల్లిదండ్రులు ఆ తర్వాతి వరసలో ఉంటారు. పుట్టింటి నుంచి వారసత్వంగా వచ్చింది మాత్రమే, పిల్లలు లేనప్పుడు, తండ్రి వారసులకు తిరిగి వెళ్తుంది. ఉద్యోగం చేసి తాను సంపాదించిన ఫ్లాటు, తన జీతంమీద బతుకుతున్న తల్లికి కాక, ఎన్నడూ పలకరించని బావగారికి వెళ్లే పరిస్థితి ఉందన్నమాట. 2025 నవంబరులో సుప్రీంకోర్టు మహిళలను, ముఖ్యంగా హిందూ స్త్రీలను, వీలునామా రాసుకోమని విజ్ఞప్తి చేసింది ఇందుకే. ఆస్తి కొనేటప్పుడు మన పేర పెట్టమని పోరాడతాం. కొన్నాక అది ఎవరికి చెందాలో మాత్రం రాయం.

దారి మూసుకుపోలేదు

ఇప్పటికే రాసిచ్చేసి బాధపడుతున్నవారు, ఇక చేతులు కాలాయని నిరాశపడక్కర్లేదు. మన రెండు రాష్ట్రాల్లోనూ ఈ చట్టం కింద ట్రైబ్యునల్ అంటే ఆర్డీవో కార్యాలయమే. తెల్లకాగితం మీద దరఖాస్తు పెట్టుకోవచ్చు. కదల్లేనివారి తరఫున వారు అధికారం ఇచ్చిన మనిషిగానీ, సంస్థగానీ పెట్టవచ్చు. పోషణ దరఖాస్తును నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలి, మరీ తప్పనిసరైతే ఇంకో 30 రోజులు. నెలకు పదివేల రూపాయలదాకా ఇప్పించవచ్చు. ఈ రోజుల్లో ఒక గుండెజబ్బు మనిషికి మందులకే ఎంతవుతోందో అందరికీ తెలుసు. 2007 నాటి ఈ పరిమితి పెరగాల్సిన అవసరం ఉంది. తీర్పు నచ్చకపోతే తల్లిదండ్రులు 60 రోజుల్లో కలెక్టరు స్థాయిలో అప్పీలు చేసుకోవచ్చు. వృద్ధులను గాలికొదిలేసినవారికి మూడు నెలలదాకా జైలు, అయిదువేలదాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. సలహా కోసం 14567 నంబరుకు ఫోన్ చేస్తే డబ్బు పడదు.

దరఖాస్తులో ఒక విషయం మరిచిపోకండి. ‘నన్ను చూసుకుంటామన్న మాట మీదే రాసిచ్చాను’ అన్నది మాత్రమే జరిగిన సంగతైతే, అది స్పష్టంగా రాయండి. అప్పుడు విన్నవారు, ఉత్తరాలు, సెల్‌ఫోన్‌లో మెసేజీలు, రాసుకున్న కాగితాలు ఏవున్నా జత చెయ్యండి. 2022లో ఓడిపోయిన తల్లి దరఖాస్తులో లేనిది సరిగ్గా ఆ మాటే.

ఇవన్నీ చెబితే ‘పిల్లల్ని అనుమానించమంటారా’ అని కొందరికి కోపం రావచ్చు. అనుమానించమని కాదు. మంచి పిల్లలకు కూడా కాగితం స్పష్టంగా ఉంటేనే మేలు. అమ్మ ఎవరి దగ్గర ఉండాలి, ఆసుపత్రి బిల్లు ఎవరు కట్టాలి, ఇల్లు ఎప్పుడు పంచుకోవాలి అన్నవి ముందే తేలిపోతే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు పండక్కి కలిసినప్పుడు మనసు విప్పి మాట్లాడుకోగలుగుతారు. వీలునామా ఎత్తితే అపశకునమని నోరు నొక్కేసే ఇళ్లలోనే, పోయిన మనిషి మాసికాలు తీరకముందే మాటలు ఆగిపోవడం చూస్తున్నాం.

ఈ ఆదివారం అమ్మానాన్నల దగ్గర కూర్చోండి. ‘ఎవరికి ఎంత ఇస్తారు’ అని అడక్కండి. ‘కాగితాలు ఏ బీరువాలో ఉన్నాయి, ఏది ఎవరి పేర ఉంది, మీకు చివరిదాకా ఎక్కడ ఉండాలని ఉంది’ అని అడగండి. వాళ్లు చెప్పింది ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. ఆ తర్వాత మీ పుస్తకం కూడా ఒకటి తెరవండి. మీకూ వయసు పెరుగుతోంది కదా!